డోప్ టెస్ట్ ల్యాబ్‌లో పనిచేయాలంటే దారి ఎటు?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. క్రీడాకారులకు డోప్ టెస్టులు చేసే ల్యాబ్‌లోనే పనిచేస్తానని పట్టుదలగా ఉంది. ఏం చదివించాలి? పరవాడలో ఫార్మా ఉద్యోగం వస్తే చేర్చమంటారా?

జవాబు: అమ్మాయి కోరిక మంచిదే. అయితే మన దేశంలో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఢిల్లీలో ఒక్కటే ఉంది. దానికి గుర్తింపు 2008లో వచ్చింది, 2019లో ఆగిపోయింది, 2021 డిసెంబరులో మళ్లీ దక్కింది. అందుకని ఆ ఒక్క ల్యాబ్‌నే నమ్ముకోకుండా, అక్కడ చేసే పనిని చేతికి తెచ్చుకోమనండి.

ఆ పని ఎలా ఉంటుందో స్టెరాయిడ్ పరీక్షే చెబుతుంది. ల్యాబ్‌కి పేరు రాదు, కోడ్ నంబరు మాత్రమే వస్తుంది. శాంపిల్ పంచిపోసే ఎ, బి సీసాలు రెండింటిలో కలిపి కనీసం 90 మి.లీ. మూత్రం ఉండాలి. పరీక్షకు తీసేది రెండు మూడు మిల్లీలీటర్లే. శరీరం స్టెరాయిడ్‌కు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి బయటికి పంపుతుంది కాబట్టి, ముందు ఇంటర్నల్ స్టాండర్డ్ (పోల్చి లెక్కకట్టడానికి కొలిచి వేసే పదార్థం) కలిపి, పీహెచ్ 7 దగ్గర ఎంజైముతో 50 డిగ్రీల్లో గంటసేపు ఉంచి ఆ బంధం విడగొట్టాలి. ఈ ఎంజైము ఇ.కోలై బాక్టీరియా నుంచి తీసినదై ఉండాలి. నత్త నుంచి తీసినది కొన్ని స్టెరాయిడ్లనే మార్చేస్తుంది. తర్వాత పీహెచ్ 9-10కి పెంచి, ఈథర్‌తో కుదిపి, పై పొర తీసి ఆరబెట్టి, ఎంఎస్‌టీఎఫ్‌ఏ (స్టెరాయిడ్‌ను తేలిగ్గా ఆవిరయ్యేలా మార్చే రసాయనం) కలిపి 60 డిగ్రీల్లో వేడిచేసి, జీసీ-ఎంఎస్‌కి (ఆవిరిగా మార్చి విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తించే యంత్రం) ఎక్కిస్తారు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: ట్యూబులో కాస్త తడి మిగిలినా ఎంఎస్‌టీఎఫ్‌ఏ నీటితోనే చర్య జరుపుతుంది, గ్రాఫులో పీకులు (శిఖరాలు) పడిపోతాయి. మన సముద్రపు గాలిలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

టెస్టోస్టిరాన్ హార్మోనుకూ, ఒంట్లో దానితోపాటే ఉండే ఎపిటెస్టోస్టిరాన్‌కూ మధ్య నిష్పత్తి 4 దాటినంత మాత్రాన దోషి అనరు. కొందరికి పుట్టుకతోనే ఎక్కువ ఉంటుంది. ఎండలో నిల్వ ఉన్న శాంపిల్లో బాక్టీరియా పెరిగినా లెక్క తారుమారవుతుంది. అందుకే కార్బన్ ఐసోటోపుల పరీక్షతో ఆ హార్మోను ఒంట్లో తయారైందా, బయటి నుంచి వచ్చిందా అని తేలుస్తారు. ఒక ఆటగాడి జీవితం ఆ గ్రాఫు మీద ఆధారపడుతుంది. ఈ బరువు తెలిసినవాళ్లే ఈ పనికి తగినవాళ్లు.

ఇక చదువు. పీజీ ప్రవేశ పరీక్ష ఏపీపీజీసెట్ రాయించండి. ఎమ్మెస్సీలో అనలిటికల్ కెమిస్ట్రీ మేలు, ఆర్గానిక్ అయినా ఫరవాలేదు. ప్రాజెక్టు మాత్రం మూత్రం, రక్తం, ఆహారం లాంటి చిక్కు శాంపిల్‌పై, ఎల్‌సీ-ఎంఎస్ (ద్రవంలోనే విడదీసి గుర్తించే యంత్రం) లేదా జీసీ-ఎంఎస్‌తో చేయాలి.

ఉద్యోగం విషయానికొస్తే, పరవాడ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద, ఏముందో ముందే తెలిసిన మందును మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. రికార్డు రాయడం, క్యాలిబ్రేషన్ బాగా అలవడతాయి. కానీ డోపింగ్ పనికి విశాఖలో అసలైన దగ్గరి చుట్టం రొయ్యల ఎగుమతి పరీక్షలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలను అక్కడా ట్రిపుల్ క్వాడ్ (ఎంఎస్ యంత్రాల్లో బాగా సున్నితమైన రకం) మీదే, అతి సూక్ష్మ స్థాయిలో వెతకాలి. రెండూ వస్తే రొయ్యల ల్యాబ్‌కే నా ఓటు. అక్కడ రెండేళ్లు చేశాక హైదరాబాద్ బయోఅనలిటికల్ (రక్తంలో మందు ఎంతుందో కొలిచే) ల్యాబుల్లోనూ, ఫోరెన్సిక్ టాక్సికాలజీలోనూ (నేర పరిశోధనలో విషాల పరీక్ష) ప్రయత్నించవచ్చు. ఢిల్లీ నోటిఫికేషన్ పడినప్పుడు చూపించడానికి అనుభవమూ ఉంటుంది.

ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఇంకొకటి అడగమనండి: ఎక్స్‌ట్రాక్షన్ (శాంపిల్ నుంచి కావలసిన పదార్థాన్ని వేరుచేసే పని) తన చేత చేయిస్తారా, లేక డేటా ఎంట్రీకే కూర్చోబెడతారా?