సొంత కారే అయినా గ్యారేజీ నుంచి ఎత్తుకొస్తే దొంగతనమే

ప్రశ్న: మాది తెనాలి. 14 ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. రెండేళ్ల కిందట 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. సిల్స్ (తలుపుల కింద గడపలా సాగే భాగాలు) తుప్పు పట్టాయి. వాటిని, ఫ్లోర్ రేకును మార్చమని, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు విప్పి బాగుచేయమని పాత కార్ల పని చేసే ఒక గ్యారేజీకి ఇచ్చాను. మూడు నెలలు పడుతుంది, 4,800 పౌండ్లు అవుతుంది అని ఈమెయిల్‌లో ఎస్టిమేట్ పంపారు. క్రెడిట్ కార్డుతో 2,000 అడ్వాన్సు కట్టాను. మధ్యలో ఒకసారి ఫోన్ చేసి తుప్పు అనుకున్నదానికంటే ఎక్కువ ఉందన్నారు. ‘సరే, చూడండి’ అన్నాను. 11 నెలల తర్వాత 8,650 బిల్లు వేశారు. వెళ్లి చూస్తే తలుపులు సరిగా పడటం లేదు. పాత సిల్ మీదే కొత్త రేకు అతికించినట్టుంది. మిగతా 6,650 కడితేనే కారు ఇస్తామంటున్నారు. రోజుకు 15 పౌండ్లు పార్కింగ్ అద్దె కూడా అడుగుతున్నారు. బిల్లు అడుగున ‘పాత కార్ల పనికి గ్యారంటీ లేదు’ అని ఉంది. నా దగ్గర ఇంకో తాళం ఉంది. నీ కారే కదా, రాత్రిపూట వెళ్లి తెచ్చేసుకో అంటున్నాడు మా ఫ్రెండు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండో తాళం మీ ఆవిడ చేతికిచ్చి, మీకు కూడా దొరకనిచోట దాచమనండి. మీ ఫ్రెండు చెప్పిన పని ఇంగ్లండ్‌లో ఒకాయన నిజంగానే చేశాడు. రిపేరుకిచ్చిన తన కారును, బిల్లు కట్టకుండా, గ్యారేజీ వాళ్లకు చెప్పకుండా తోలుకుపోయాడు. కారు గ్యారేజీ లోపల కూడా లేదు, బయట రోడ్డు మీద ఉంది. అయినా దొంగతనం కింద శిక్ష పడింది. అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. 1971 నాటి టర్నర్ కేసు అది, ఇక్కడ లా చదివిన ప్రతివాడికీ తెలుసు. 1968 దొంగతనాల చట్టం సెక్షన్ 5 ప్రకారం, వస్తువు ఎవరి అధీనంలో ఉంటే ఈ నేరం విషయంలో అది వాళ్లదిగానే లెక్క. కారు మీ పేరున ఉన్నంత మాత్రాన బయటపడలేరు. ప్రస్తుతం ఇది డబ్బు తగాదా మాత్రమే, పోలీసులు ఇందులో వేలు పెట్టరు. తాళం తిప్పారంటే క్రిమినల్ కేసు అవుతుంది.

గ్యారేజీకి కారు ఆపే హక్కు ఉందా అంటే, ఉంది. దాన్ని లీన్ అంటారు. వస్తువును బాగుచేసి దాని విలువ పెంచినవాడు తనకు న్యాయంగా రావాల్సిన డబ్బు వచ్చేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. ‘న్యాయంగా రావాల్సిన’ అన్న మాట దగ్గరే మీ కేసంతా ఉంది. ఆ సరైన మొత్తం మీరు ఇస్తామన్నా వాళ్లు తీసుకోకపోతే లీన్ పోతుంది. కానీ సరైన మొత్తం ఎంతో తేల్చాల్సింది జడ్జి, అదీ ఎన్నో నెలల తర్వాత. ఈలోగా కారు వాళ్ల షెడ్డులోనే ఉంటుంది.

పార్కింగ్ అద్దె సంగతి తేలికే. లీన్ పేరుతో తన సొంత అవసరానికి వస్తువు ఆపుకున్నవాడు దానికి అద్దె అడగకూడదని 1860లోనే, అప్పట్లో ఇక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అప్పుడు తగాదా కారు గురించి కాదు, ఓడ మరమ్మతు గురించి. మీరు ముందుగా ఒప్పుకున్న కాగితంలో అద్దె షరతు ఉంటే తప్ప ఆ 15 పౌండ్లు ఇవ్వనక్కర్లేదు.

బిల్లు అడుగున ఉన్న గ్యారంటీ వాక్యానికి అంతకంటే తక్కువ విలువ. 2015 వినియోగదారుల హక్కుల చట్టం సెక్షన్ 49 ప్రకారం, సర్వీసు చేసే వ్యాపారి తగినంత శ్రద్ధతో, నైపుణ్యంతో పనిచేయాలి. ఆ బాధ్యత నాకు లేదని బిల్లు మీద రాసుకున్నా చెల్లదని సెక్షన్ 57 చెబుతుంది. కారు వయసు ఎంతైనా ఇందులో తేడా లేదు.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి. మీకు ఇచ్చింది ఎస్టిమేట్, కొటేషన్ కాదు. కొటేషన్ అయితే ఆ ధరకు కట్టుబడాలి, ఎస్టిమేట్ అంటే ఉజ్జాయింపు. పైగా ఫోన్‌లో మీరన్న ‘సరే, చూడండి’ మీ మెడకు చుట్టుకునే మాట. అదనపు పనికి ఒప్పుకున్నారని వాళ్లు వాదిస్తారు. ఆ వాదనలో కొంత పస ఉంది కూడా, ఎందుకంటే ఎంజీబీలో తుప్పు ఎంత లోతుకు వెళ్లిందో రేకు కోస్తేగానీ తెలియదు. అయితే ధర మాట్లాడకుండా ఒప్పుకున్న పనికి సెక్షన్ 51 కింద సమంజసమైన ధరే వస్తుంది, వాళ్లు కోరుకున్నది కాదు. 3,850 పౌండ్లు పెరిగిందంటే ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో, ఏ రేకు ఎక్కడ కొన్నారో లెక్క చూపించాలి. ఆ లెక్క రాతపూర్వకంగా అడగండి. మూడు నెలల పని 11 నెలలు చేయడం మీదా సెక్షన్ 52 కింద ఫిర్యాదు చేయవచ్చు గానీ, దానికి పెద్దగా డబ్బు రాదు. దాన్నే పట్టుకు వేలాడకండి.

మీ అసలు బలం సిల్స్. పాత కార్ల సంగతి తెలియని జడ్జికి కూడా అర్థమయ్యేలా చెప్పాలి గనుక వివరంగా రాస్తున్నాను. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కలిపి మోసేది ప్రధానంగా తలుపుల కింద గడపలా సాగే ఈ సిల్సే. బయటికి కనిపించే రేకు ఒక్కటే సిల్ కాదు, లోపల ఇంకా పొరలు ఉంటాయి. వాటిని కోసేటప్పుడు తలుపు ఖాళీలో అడ్డంగా ఊతకడ్డీలు బిగించకపోతే బాడీ నడుములో కుంగుతుంది. అప్పుడు తలుపు పైభాగంలో సందు ఇరుకై, తలుపు పట్టేస్తుంది. మీ తలుపులు పడకపోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. కుళ్లిన సిల్‌ను తీయకుండా దాని మీద ఇంకో రేకు తొడగడం ఈ దేశంలో పాత అలవాటు. పైన పటారం, లోన లొటారం. ఇది రుజువైతే ‘తగినంత నైపుణ్యం’ గురించి పెద్ద వాదనే అక్కర్లేదు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. పాత బ్రిటిష్ కార్లు తెలిసిన ఇండిపెండెంట్ ఇంజినీరును తీసుకెళ్లి కారు చూపిస్తానని గ్యారేజీకి ఈమెయిల్ పెడతాను. చూడనివ్వకపోతే ఆ ఈమెయిలే రేపు సాక్ష్యం. తర్వాత ఎస్టిమేట్ ప్రకారం మిగిలిన 2,800 ఇస్తాను, కారు ఇవ్వండి, మిగతాది తేల్చుకుందాం అని రాస్తాను. ఒప్పుకోకపోతే మొత్తం 6,650 కట్టేస్తాను. కంగారుపడకండి. కట్టేముందు ‘ఈ బిల్లును నేను ఒప్పుకోవడం లేదు, కారు విడిపించుకోవడానికి మాత్రమే అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు నాకు ఉంది’ అని ఈమెయిల్ పంపి, రసీదు మీద కూడా అదే రాయాలి. అలా కట్టిన డబ్బు తర్వాత కోర్టులో అడగవచ్చు. ఏమీ రాయకుండా కడితే మాత్రం బిల్లు ఒప్పుకున్నట్టే ఉంటుంది.

2,000 క్రెడిట్ కార్డుతో కట్టి మంచి పని చేశారు. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద గ్యారేజీ తప్పుకు కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. కార్డుతో కట్టిన 2,000 వరకే కాదు, మొత్తం నష్టానికి. నేనైతే కోర్టు కంటే ముందు ఈ తలుపే తడతాను. కంపెనీ కాదంటే, లేదా ఎనిమిది వారాల్లో తుది జవాబు ఇవ్వకపోతే బ్యాంకులు, కార్డు కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లవచ్చు.

గ్యారేజీ మీద దావా అంటే, ముందు నోటీసులాంటి ఉత్తరం రాసి 14 రోజులు గడువు ఇవ్వాలి. పనిని మళ్లీ సరిగా చేయమని అడిగే హక్కు 2015 చట్టం సెక్షన్ 55 కింద ఉంది, ఉత్తరంలో ఆ అవకాశం ఇచ్చినట్టు ఉంటే జడ్జికి మీరు మర్యాదస్తులుగా కనిపిస్తారు. నిజంగా వాళ్ల చేతికే మళ్లీ కారు ఇవ్వాలా అన్నది ఇంజినీరు రిపోర్టు చూశాక ఆలోచిద్దాం. ఎక్కువ తీసుకున్నదీ, వేరేచోట బాగుచేయించే ఖర్చూ కలిపి 10,000 పౌండ్లు దాటకపోతే చిన్న మొత్తాల దావాల పద్ధతి అయిన స్మాల్ క్లెయిమ్స్‌లో పడుతుంది, లాయరు లేకుండా మీరే నడుపుకోవచ్చు. అక్కడ ఇంజినీరు సాక్ష్యానికి కోర్టు అనుమతి కావాలి, గెలిచినా ఆయన ఫీజు కింద 750 పౌండ్లకు మించి రాదు. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ లెక్క. స్కాట్లాండ్ పద్ధతి వేరు.

కారు చేతికొచ్చాక దాన్ని నడుపుకుంటూ ఇంటికి రాకండి. 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయనివైతే, 2018 మే నుంచి ఎంఓటీ (ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష) అక్కర్లేదు. రోడ్డు పన్నూ సున్నా. చాలామంది దీన్ని కారు ఎలా ఉన్నా తిప్పుకోవచ్చని అర్థం చేసుకుంటారు. పరీక్ష చేయించక్కర్లేదంటే, కారు బాగుందా లేదా చూసుకునే బాధ్యత మీ నెత్తినే పడిందని లెక్క. ప్రమాదకరమైన స్థితిలో కారు నడపడం 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం సెక్షన్ 40ఎ కింద నేరం, ఇన్సూరెన్సు వాళ్లతోనూ పేచీ వస్తుంది. సిల్ సంగతి తెలిసి కూడా నడిపారని మీ ఉత్తరాలే సాక్ష్యం చెబుతాయి. ట్రైలర్ మీద తెప్పించండి. కావాలంటే ఆ ట్రైలర్ మీదే తిన్నగా ఎంఓటీ స్టేషన్‌కు పంపించి స్వచ్ఛందంగా పరీక్ష చేయించండి. సస్పెన్షన్, సీటుబెల్టు బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు తుప్పు, వెల్డింగ్ ఎలా ఉన్నాయో వాళ్లు చూస్తారు. ఫెయిలైతే ఆ కాగితం మీకు చవగ్గా దొరికిన సాక్ష్యం.

దావాకు ఆరేళ్ల గడువు ఉంది కాబట్టి ఈ వారమే పరుగెత్తనక్కర్లేదు. వేరే గ్యారేజీలో కొత్తగా పని మొదలుపెట్టించే తొందర మాత్రం వద్దు. ముందు ఇంజినీరు ఫొటోలు తీయాలి. సిల్ కోసేటప్పుడు కూడా దగ్గరుండి ఫొటోలు తీయించండి. కోసిన ముక్కలను, ఎంత తుప్పువైనా, చెత్తలో వేయనివ్వకుండా తేదీ రాసి అట్టపెట్టెలో ఇంటికి తెచ్చుకోండి.