లైటు వెలిగినంత మాత్రాన వైరింగ్ బాగున్నట్టు కాదు

మేడ మీద కొత్తగా కట్టిన గదికీ బాత్రూంకీ వీడియోలు చూసి వైరింగ్ నేనే చేసుకుందామనుకుంటున్నాను, ప్రమాదమా అని అడిగారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్ల వైరింగ్ పనులు చేస్తుంటాను. బేరం పోతుందని చెప్తున్నాననుకోకండి. బల్బు, పాడైన స్విచ్, ఫ్యాను మార్చుకోవడానికి నన్ను పిలవక్కర్లేదు, నిబంధనలూ వాటికి అడ్డు చెప్పవు. కొత్త లైను లాగడం, పాత లైను మీద లోడు పెంచడం మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి.

అందరికీ ఉండే భయం పని చేస్తుండగా షాక్ కొడుతుందేమోనని. ఆ భయం మంచిదే, దానివల్ల మెయిన్ ఆపేసి పనిలోకి దిగుతారు. నాకు భయం వేసేది పని అయిపోయాక. తప్పుగా చేసిన వైరింగ్ కూడా ఆ రోజు చక్కగా పనిచేస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, గీజర్‌లో నీళ్లు కాగుతాయి. ఇంకేముంది, పని వచ్చేసిందనుకుంటాం.

ఒక ఇంట్లో బాత్రూం వైపు గోడలోంచి కాలిన వాసన వస్తోందని పిలిచారు. ఆ ఇంటాయన గీజర్ లైను సొంతంగా వేసుకున్నాడు. పక్కనున్న లైట్ల బోర్డులోంచి లైట్లకు వాడే సన్నటి 1 స్క్వేర్ ఎంఎం వైరుకు జాయింట్ కొట్టి లాగేశాడు. గీజర్ 3000 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 13 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల లైనుకున్న 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే లైను ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే, ఎంసీబీ పాడైందనుకుని 32 ఆంపియర్లది తెచ్చి పెట్టాడు. ఆ రోజు నుంచి ట్రిప్ అవడం మానేసింది, ఆయన సంతోషించాడు. ఎంసీబీ ఉన్నది ఆ వైరు కాలిపోకుండా చూడటానికి. మనిషికి షాక్ కొట్టినప్పుడు అది కాపాడుతుందనుకోవడం పొరపాటు, అది ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పని. ఈ ఇంట్లో వైరును కాపాడేది కూడా లేకుండా పోయింది.

అసలు కాలింది జాయింటు దగ్గర. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి పైపులోకి తోసేశాడు. వదులు జాయింట్లో సగం ఓము అడ్డంకి ఉన్నా, 13 ఆంపియర్లు పోతుంటే అక్కడ 85 వాట్ల దాకా వేడి పుడుతుంది. వైర్లు అతికించే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, అలాంటివి మూడు గోడలో పెట్టి ఆన్ చేసినట్టు. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే.

ఇంకో రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. స్విచ్‌ను ఫేజులో (కరెంటు వచ్చే వైరు) కాక న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరు) పెట్టేయడం. స్విచ్ ఆపితే లైటు ఆరిపోతుంది, హోల్డర్‌లో మాత్రం కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయిన పిల్లాడికి తెలుస్తుంది ఆ సంగతి. రెండోది, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందని సాకెట్ లోపల ఎర్త్ పిన్నును న్యూట్రల్‌తో కలిపేయడం. జివ్వుమనడం ఆగుతుంది, నిజమే. వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ బాడీ అంతా ఫేజే. ఈ చిట్కా చెప్పే వీడియోలకు లైకులు కూడా బాగానే పడుతుంటాయి, అదే నా బాధ.

ఇన్వర్టర్ ఉందా మీకు? ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీరు మెయిన్ ఆపితే ఇన్వర్టర్‌కు అది కరెంటు పోయినట్టే లెక్క. వెంటనే అందుకుంటుంది. లైట్లు, ఫ్యాన్ల లైన్లలో మళ్లీ 230 వోల్టులు. స్విచ్ మార్చే ముందు దాన్ని కూడా ఆపి, టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే పని చేసే చోట పెట్టండి. టెస్టరే పాడైతే అన్ని చోట్లా కరెంటు లేనట్టే కనిపిస్తుంది.

డబ్బు మిగలాలంటే ఒక దారి ఉంది. గోడకు గాడి తీయడం, పైపులు, బాక్సులు పెట్టడం, చివర్లో సిమెంటు పూయడం మీరు చేసుకోండి. కొత్త గోడలో ఇంకా వైర్లు ఉండవు కాబట్టి వైరు తెగే భయం లేదు, ఒళ్లు నొప్పులు మాత్రం తప్పవు, కూలీ కూడా బాగా తగ్గుతుంది. ఏ గోడలో ఎక్కడ పైపు పెట్టాలో ముందే ఎలక్ట్రీషియన్‌తో గీయించుకోండి. వైరు లాగడం, కనెక్షన్లు అతనికి వదిలేయండి. గీజర్‌కు మెయిన్ బోర్డు నుంచి విడి లైను, విడి ఎంసీబీ, పైన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయమని గట్టిగా అడగండి. గాడి పూడ్చే ముందు పైపులు ఎక్కడెక్కడున్నాయో ఫోన్లో ఫొటోలు తీసి దాచుకోండి. పని అయ్యాక మెగ్గర్‌తో (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూపించమనండి. చాలామంది దగ్గర మెగ్గర్ ఉండదు, ఉన్నవాణ్ణే మాట్లాడుకోండి.