ఆయనకు కనిపించే రేపు వేరు, నాకు కనిపించే రేపు వేరు

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరు పిల్లలు. మా వారు ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెడతానంటున్నారు. మూడేళ్లలో మేం ఎలా ఉంటామో రోజూ రాత్రి కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆ మాట ఎత్తగానే నాకు మాత్రం ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఆయన మంచం అంచున తల వంచుకుని కూర్చుంటారు, పిల్లలు తలుపు దగ్గర నిలబడి చూస్తుంటారు. మా నాన్నగారి ఉద్యోగం పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆయన ఇప్పుడు లేరు, అమ్మ మా దగ్గరే ఉంటుంది. "నీకు మంచి ఆలోచనే రాదు" అని మా వారు విసుక్కుంటున్నారు. నిద్ర పట్టడం లేదు. నా మనసుకు ఏమైనా జబ్బు చేసిందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నేను ఎక్కువసేపు ఆలోచించింది ఆ మంచం అంచు గురించే. ఇంకా జరగని విషయంలో అంత స్పష్టమైన వివరం ఎక్కడినుంచి వచ్చిందో మీరే ఆ పక్క వాక్యంలో రాశారు గాని, రెండింటినీ కలిపి చూసుకోలేదు. తలుపు దగ్గర నిలబడి చూసిన బిడ్డ మీరే కదా!

మనసు భవిష్యత్తును శూన్యంలోంచి సృష్టించదు. పాత జ్ఞాపకాల్లోంచి ముక్కలు ఏరి, అతుకులు వేసి కొత్త దృశ్యంగా కుట్టుకుంటుంది. తలకు దెబ్బ తగిలి తన గతంలోని సంఘటనలేవీ గుర్తు చేసుకోలేకపోయిన ఒక రోగి గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టల్వింగ్ 1985లో రాశారు. రేపు ఏం చేస్తారని అడిగితే, మనసంతా ఖాళీగా ఉందనే ఆ మనిషి చెప్పాడు; నిన్న చెరిగిపోయినవాడికి రేపు కూడా కనిపించకుండా పోయింది. కాబట్టి మీకు కనిపించేది జరగబోయేదానికి సూచన కాదు, జబ్బు లక్షణమూ కాదు. మీ మనసు తన పని తాను చేస్తోంది, అయితే ముక్కలన్నీ ఒకే రోజు నుంచి తెచ్చుకుంటోంది.

పైగా ఆ దృశ్యం అక్కడే ఆగిపోతోంది. ఆ తర్వాతి నెలల్లో ఇల్లు ఎలా గడిచింది, అమ్మగారు ఏం చేశారు, మీ చదువు ఎలా సాగింది అన్న విషయాల మీద మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. రాబోయే బాధ ఎంత తీవ్రంగా, ఎంతకాలం ఉంటుందో మనుషులు తరచుగా ఎక్కువగా అంచనా వేస్తారని డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ చేసిన పరిశోధనల్లో తేలింది. కష్టం ఒక్కటే కళ్ల ముందు నిలబడితే, దాని చుట్టూ సాగే మిగతా జీవితమూ, మనకున్న తట్టుకునే శక్తీ లెక్కలోకి రావు. అందుకే ముందుగా అమ్మగారి పక్కన కూర్చుని, ఆ రోజు తర్వాత ఏం జరిగిందో అడిగి తెలుసుకోండి. నా దృష్టిలో మీకు అన్నిటికంటే అవసరమైన పని ఇదే.

అలాగని మీ వారు చూస్తున్న దృశ్యమే సరైనదని నేను అనడం లేదు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని అనుకున్నారు గాని, తీరా చూస్తే 55 రోజులు దాటింది. అందమైన ఫలితాన్ని ఊహించుకుని అక్కడితో ఆగిపోయేవారి ప్రయత్నం సడలిపోతుందని, ఆ ఫలితానికి అడ్డుపడేవాటిని కూడా పక్కనే పెట్టి చూసుకుంటే మేలని గాబ్రియేల్ ఓటింగెన్ పరిశోధనలు చెబుతున్నాయి. కనుక మీ భయానికి ఈ సంసారంలో ఒక పని ఉంది. దాన్ని విసుక్కుని తోసిపుచ్చడం ఆయనకే నష్టం.

రాత్రిపూట ఈ చర్చ పెట్టుకోకండి. సెలవు రోజు పగటిపూట ఇద్దరూ కాగితం ముందు కూర్చుని, జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో, ఏ తేదీ నాటికి ఎంత ఆదాయం రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలో ఆయన చేతే రాయించండి. దిగులుకు కూడా పగలే ఒక అరగంట కేటాయించి, రాత్రి అది తలెత్తినప్పుడల్లా ఆ అరగంటకు వాయిదా వేయండి. కొన్ని వారాలు గడిచినా నిద్ర కుదుటపడకపోతే, రోజువారీ పనుల మీద ఆసక్తి తగ్గిపోతే, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి.

ఇంకొక్క మాట. మంచం అంచున కనిపించే మనిషి మీ నాన్నగారని మీ వారికి ఎప్పుడైనా చెప్పారా? మీరు తన మీద నమ్మకం లేక వెనకాడుతున్నారని ఆయన అనుకుంటున్నట్టున్నారు.