తెగిన కొస చూడమ్మా

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. ఎనభయ్యో నంబరు నూలుతో తృప్తిపడితే అక్కడే ఆగిపోతానని, ఇంకా సన్నని నూరో నంబరుకి చేరలేనని, అందుకే రోజూ నన్ను నేను తిట్టుకుంటున్నానని రాశావు. రాట్నం ముందు కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. ఆ మాటకి నా మనసు చివుక్కుమంది.

తృప్తి మనిషిని ఆపేస్తుందన్నది అబద్ధం కాదు. నేనూ ఎనభై దగ్గర చాలా ఏళ్లు ఉండిపోయాను, హాయిగానే. ఒకరోజు నేను చుట్టిన నూలు చిలపలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని నలుగురిలో వెనక్కిచ్చేశారు. ఆ రోషంతోనే నూరో నంబరు మొదలుపెట్టాను. అసంతృప్తి నన్ను కదిలించింది గానీ, పని నేర్పలేదు. రెండు నెలలు పళ్లు బిగబట్టి వడికాను. పళ్లతో పాటు వేళ్లూ బిగుసుకుపోయేవి. పోగు మునుపటికంటే ఎక్కువ తెగేది. నూరో నంబరంటే ఒక్క గ్రాము దూదిలోంచి దాదాపు 170 మీటర్ల దారం రావాలి. కోపంగా ఉన్న చేతికి అంత సన్నం ఎక్కడొస్తుంది?

అప్పుడు మా అత్తగారు పక్కన కూర్చుని, "నిన్ను తిట్టుకోవడం ఆపి, తెగిన కొస చూడవే" అన్నారు. నీకూ అదే చెబుతున్నాను. కొస పీచుపీచుగా సాగి ఉంటే పురి చాలలేదు, చెయ్యి తొందరపడింది. మెలికలు పడి పుటుక్కుమంటే పురి ఎక్కువైంది. ఉండ తగిలి తెగితే తప్పు రాట్నం దగ్గర లేదు, వడకడానికి చుట్టుకున్న దూది ఏకు దగ్గరుంది. వాలుగ చేప దవడతో దూది దువ్వినప్పుడే నలుసు మిగిలిపోయింది. వీటిలో ప్రతిదాన్నీ దిద్దుకోవచ్చు. "నేను పనికిరాను" అనుకుంటే మాత్రం దిద్దడానికి ఏముంటుంది తల్లీ?

ఇంకొకటి. పొద్దున్నే నూరుతో మొదలుపెట్టకు. చేతికి అలవాటైన ఎనభైలో ఒక చిలప పూర్తిచెయ్యి. దాన్ని చూసుకుని సంతోషపడు, నిజంగా సంతోషపడు. ఆ తర్వాత నూరుకి వెళ్లు. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తేటప్పుడు చేసిందీ అదే అనిపిస్తుంది నాకు. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తాక, స్వర్ణం కోసం 137.5 అడిగింది. అది లేవలేదు, కాంస్యం వచ్చింది. తక్కువ అడగాల్సిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను అనను. ముందు ఎత్తిన బరువు చేతిలో ఉంది కాబట్టే అంత అడిగే ధైర్యం వచ్చింది.

వేళ్లు బిగుసుకుంటే లేచిపో. కాసేపు పెరట్లో తిరిగిరా. అది బద్ధకం కాదు.

పండక్కి వచ్చేటప్పుడు తెగిన పోగులు పారెయ్యకుండా గుడ్డలో కట్టి పట్టుకురా. ఇద్దరం అరుగు మీద వెలుతుర్లో కూర్చుని ఒక్కో కొసా చూద్దాం.

మీ మామ్మ,
పొందూరు