ప్రింట్ క్యూ ఇరుక్కుపోతే రీస్టార్ట్ అక్కర్లేదు

రద్దు చేసిన ప్రింట్ క్యూలోంచి పోవడం లేదని, ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల్సి వస్తోందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ఇరుక్కున్నది ప్రింట్ స్పూలర్ అనే సర్వీస్ ఒక్కటే, అంటే ప్రింట్ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ ప్రోగ్రామ్.

విండోస్ స్టార్ట్ మెనూలో ఇంగ్లిష్‌లో సర్వీసెస్ అని టైప్ చేసి, వచ్చినదాన్ని అడ్మిన్‌గా తెరవండి. ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి. వెంటనే స్టార్ట్ నొక్కేయకండి, చాలామంది పొరబడేది ఇక్కడే. పాత ఫైళ్లు డిస్క్‌లోనే ఉంటాయి కాబట్టి క్యూ మళ్లీ అలాగే ప్రత్యక్షమవుతుంది. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్ తెరవండి. అనుమతి అడిగితే ఇవ్వండి. లోపలున్న ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డర్‌ను కాదు. ఇప్పుడు సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్ మీద స్టార్ట్ నొక్కండి.

ప్రింటర్ వాడేది ఎప్పుడో ఒకసారే అయితే ప్రింట్ స్పూలర్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ టైప్‌ను మాన్యువల్ చేసుకోవచ్చు. డిసేబుల్డ్ మాత్రం పెట్టకండి, మళ్లీ మార్చేదాకా ఆ సర్వీస్ స్టార్ట్ కాదు. రిమోట్ ప్రొసీజర్ కాల్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సర్వీస్) లాంటి వాటికి స్టాప్ బటన్ మసకగా కనిపిస్తుంది. వాటి జోలికి వెళ్లొద్దు, చాలా సర్వీసులు వాటి మీదే ఆధారపడి నడుస్తాయి.