మన్రో గుర్రానికి రికాబులేవి?

ప్రశ్న: చెన్నైలో ఐలాండ్ మైదానం దగ్గరున్న, ఒకప్పటి మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో విగ్రహంలో గుర్రానికి రికాబులు (రౌతు పాదాలు మోపే వలయాలు) లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిశాక ప్రాణం తీసుకున్నాడనీ అంటారు. నిజమేనా? (గుత్తి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కట్టుకథ. ఈ కాంస్య విగ్రహం చేసినవాడు లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. మద్రాసులో ఆవిష్కరణ 1839లో జరిగింది. చాంట్రీ 1841 నవంబరులో, అరవై ఏళ్ల వయసులో గుండెజబ్బుతో హఠాత్తుగా పోయాడు. అప్పటికి ఆయన చేతిలో వెల్లింగ్టన్ ప్రభువు గుర్రపు విగ్రహం పని ఉంది. దాన్ని ఆయన సహాయకుడు హెన్రీ వీక్స్ పూర్తి చేశాడు.

అసలు సాక్ష్యం ఆ విగ్రహంలోనే ఉంది. వెల్లింగ్టన్‌కూ రికాబులు లేవు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో చాంట్రీ చేసిన నాలుగో జార్జి రాజుకూ లేవు. ఒకసారంటే మరుపు అనుకుందాం, మూడుసార్లా? చాంట్రీకి ఒరవడి రోములోని మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి విగ్రహం లాంటి ప్రాచీన శిల్పం. రోమన్ల కాలంలో రికాబులే లేవు. రాజులనూ సేనానులనూ ఆ పాతకాలపు ఠీవితో చూపించడం అప్పటి యూరప్ శిల్పుల అభిరుచి.

పని తెలిసినవాళ్లకు ఇంకో సంగతి తడుతుంది. కాంస్య విగ్రహానికి ముందు మట్టి నమూనా, దానిమీద ప్లాస్టర్ అచ్చు, ఆ తర్వాతే పోత. రికాబులో పెట్టిన కాలు మోకాలి దగ్గర వంగి, మడమ కిందికి దిగి ఉంటుంది. లేనప్పుడు కాలు బరువుగా వేలాడుతుంది. రికాబు ఉంటుందా లేదా అన్నది మట్టి దశలోనే తేలాలి. పోత పోశాక గుర్తొచ్చే విషయం కాదది.

ప్రశ్న: మన్రో పత్తికొండలో చనిపోయారు కదా, సమాధి ఎక్కడ? (కర్నూలు నుంచి)

జవాబు: 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. విగ్రహం నుంచి ఆ చర్చి పెద్ద దూరం కాదు.

ప్రశ్న: మా ఊరి పార్కులోని నాయకుడి కంచు విగ్రహం పచ్చబడింది. జయంతి దగ్గరికొస్తోంది. చింతపండుతో తోమించమంటారా? (కాకినాడ నుంచి)

జవాబు: వద్దు. ఇంట్లో ఇత్తడి చెంబుకు చెల్లుతుంది గానీ, విగ్రహం మీద చింతపులుసు పైపొరను తినేస్తుంది. సందుల్లో మిగిలిన పులుసు తర్వాత కూడా లోహాన్ని తింటూనే ఉంటుంది.

ముందు అది కంచేనా అని చూడండి. వేలితో కొడితే డొల్లగా, చప్పగా మోగితే చాలాసార్లు అది కంచు రంగు వేసిన ఫైబరే. నిజంగా కంచైతే పచ్చదనం రెండు రకాలు. గట్టిగా అంటుకుని, గోటికి రానిది లోహానికి కవచం, దాని జోలికి పోకండి. లేత ఆకుపచ్చ పొడిగా రాలుతూ, తుడిచినచోటే మళ్లీ పుడుతూ, కింద గుంటలు పడుతుంటే అది ఉప్పుగాలి వల్ల వచ్చే క్లోరైడు తెగులు. మీది సముద్రతీరం కాబట్టి ఆ అనుమానం తప్పక పెట్టుకోవాలి. దానిమీద మైనం పూస్తే ఉప్పు లోపలే ఉండి తొలుస్తుంది. మైనం దాకా వెళ్లకుండా, లోహ పరిరక్షణ తెలిసినవాళ్లను పిలవండి. చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో ఇందుకు ప్రయోగశాల ఉంది.

తెగులు లేకపోతే పని సులువు. మంచినీళ్లు, ఆమ్లమూ క్షారమూ లేని ద్రవ సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. ఇనుప బ్రష్షు ముట్టొద్దు. సబ్బు జాడ లేకుండా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నరవ్వ మైనం) పలచగా పూసి మెత్తటి గుడ్డతో మెరుగుపెట్టండి. ఏడాదికోసారి సరిపోతుంది, తీరంలో రెండుసార్లు మేలు. బంగారు రంగు మాత్రం వేయించకండి; పొర లేచినచోట నీరు చేరి, కనపడకుండా తినేస్తుంది.

పీఠం దగ్గర నీరు పోయే రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి. లోపల నిలిచిన నీటికి, విగ్రహాన్ని నిలబెట్టే ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. పాదాల దగ్గర పగుళ్లకు ఎక్కువసార్లు అదే కారణం.