చాప్టర్ ప్రెసిడెంట్ అయిన మా మేనకోడలికి

బంగారం,

నిన్న మీ అమ్మ ఫోటో పంపింది. గ్రీకు అక్షరాల జాకెట్లు వేసుకున్న పదమూడు మంది ఆడపిల్లల మధ్యలో నువ్వు. కింద "మన పిల్ల ప్రెసిడెంట్ అయింది వదినా" అని రాసింది. నాయనమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ప్రెసిడెంటంటే ఏం చెయ్యాలే?" అని అడిగింది. సొరోరిటీ అంటే అమెరికా కాలేజీల్లో ఆడపిల్లలు అక్కచెల్లెళ్ళలా చేరే సంఘమనీ, చాప్టరంటే ఒక్కో కాలేజీలో దాని శాఖ అనీ చెప్పబోయి ఊరుకున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. నాకు ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. నువ్వు మనబడిలో నేర్చుకున్న తెలుగు ఈ ఉత్తరానికి సరిపోతుంది. ఎక్కడైనా అర్థం కాకపోతే నాయనమ్మతో చదివించుకోకు, నన్నే అడుగు. ఇందులో కొన్ని సంగతులు ఆవిడకి ఇప్పటికీ తెలియవు.

ముందు తేలికవి చెప్పేస్తాను. మీటింగ్ టైముకి మొదలుపెట్టి టైముకి ముగించు. మినిట్స్ ఆ రాత్రే రాయించు. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన రోస్టర్ (సభ్యుల జాబితా), చాప్టర్లన్నిటికీ పైనుండే నేషనల్ వాళ్ళకి కట్టాల్సిన ఫీజు, ఇన్సూరెన్సు డబ్బు గడువుకి వారం ముందే పంపించు. నీ మార్కులు తగ్గితే మిగతావాళ్ళకి మార్కుల గురించి చెప్పే నోరు నీకుండదు. ఇవన్నీ నీకు తెలుసు, మూడో తరగతిలోనే పుస్తకాలకి అట్టలు వేసుకుని తేదీలు రాసుకున్న పిల్లవి.

డబ్బు దగ్గర మాత్రం కాస్త ఆగు. డ్యూస్, అదే పిల్లలు కట్టే సభ్యత్వం డబ్బు, నీ సొంత వెన్మో ఖాతాలోకి ఒక్క డాలరు కూడా రాకూడదు. చాప్టర్ పేరు మీద, చాప్టర్ ఈఐఎన్‌తో, అంటే సంఘం పన్ను నంబరుతో, బ్యాంకు ఖాతా ఉండాలి, అది ట్రెజరర్‌తో పాటు ఇంకొకరు కూడా చూస్తుండాలి. బాంక్వెట్ హాలు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు నీ పేరు పక్కన "ప్రెసిడెంట్, ఫలానా చాప్టర్ తరఫున" అని ఉందో లేదో చూడు. లేకపోతే హాలు అద్దె రెండు వేల డాలర్లు నీ మెడకి చుట్టుకుంటాయి. పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి చిన్న సంఘాలు ఏటా పంపే 990-ఎన్ రిటర్ను ఎవరు పంపుతున్నారో ఈ వారమే కనుక్కో. చాప్టర్ పంపాలా, నేషనల్ వాళ్ళే అందరి తరఫునా పంపుతారా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. వరసగా మూడేళ్ళు పంపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే పోతుంది. చిన్న చాప్టర్లలో ట్రెజరర్ గ్రాడ్యుయేట్ అయి వెళ్ళిపోతుంది, పాస్‌వర్డ్ కూడా ఆమెతోనే వెళ్ళిపోతుంది. మాకు అదే జరిగింది.

ఇంకొకటి. కొత్త పిల్లలకి చాప్టర్ చరిత్ర బట్టీ పట్టిస్తారు కదా, దానికంటే ముందుది కూడా చెప్పు. సొరోరిటీ అన్న మాట 1874లో సిరక్యూస్‌లో పుట్టిన గామా ఫై బీటా కోసం ఒక లాటిన్ ప్రొఫెసర్ సూచించింది. అంతకుముందు ఆడపిల్లల సంఘాలని కూడా మగపిల్లల వాటిలాగే ఫ్రాటర్నిటీలనే అనేవారు. మన దక్షిణాసియా సొరోరిటీలు చాలావరకు 1998 నుంచి పుట్టినవే. కప్పా ఫై గామా ఆస్టిన్‌లో, డెల్టా ఫై ఒమేగా హ్యూస్టన్‌లో, సిగ్మా సిగ్మా రో న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో, మూడూ ఆ ఒక్క ఏడాదే పుట్టాయి. అయితే మీరు వరసగా అడుగులేస్తూ చేసే స్ట్రోల్, కొత్తగా చేరే పిల్లల జట్టుకి మీరు వాడే "లైన్" అన్న మాట, ఆ పిల్లల్ని అందరికీ పరిచయం చేసే ప్రోబేట్ షో, ఇవి నల్లజాతి సంఘాల నుంచి వచ్చినవి. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టింది. 1913 జనవరిలో డెల్టా సిగ్మా థీటా పుట్టింది, రెండు నెలలు తిరక్కముందే ఆ పిల్లలు వాషింగ్టన్‌లో ఆడవాళ్ళ ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. వాళ్ళ అడుగుల్ని మనం మన పాటలకి వేసుకుంటున్నాం. మీ క్యాంపస్‌లో వాళ్ళ షో ఉంటే వెళ్ళి ముందు వరసలో కూర్చో, పిల్లలందరినీ తీసుకెళ్ళు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

2006 అక్టోబర్. నేను ప్రెసిడెంట్‌ని. మీది మాది ఒకే సంఘం కాదు, ఒకే రాష్ట్రమూ కాదు, కానీ అప్పటికి మేమూ మీలాంటి చిన్న చాప్టరే. పదకొండు మందిమి. అందులో ఐదుగురు మే నెలలో వెళ్ళిపోతున్నారు. ఆ సెమిస్టర్ లైన్‌లో నలుగురే వచ్చారు. ఆ నలుగురిలో ఒక్కరు మానేసినా చాప్టర్ మూతపడుతుందేమోనని నాకు పొద్దున్నే లేవగానే గుండె దడదడలాడేది. ఇది గుర్తుపెట్టుకో. పెద్ద సొరోరిటీలకి ఇళ్ళుంటాయి, వందల మంది ఉంటారు. మనలాంటి వాళ్ళకి ఉండేది లెక్కే. ఆ లెక్క తగ్గిపోతుందన్న భయంతోనే నేను తప్పు మీద తప్పు చేశాను.

ఆ నలుగురిలో ఒక తెలుగు పిల్ల ఉండేది. మొత్తం చాప్టర్‌లో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. నన్ను "అక్కా" అని పిలిచేది. బిగ్ సిస్టర్ అని మేం ఇంగ్లీషులో గొప్పగా చెప్పుకునేదాన్ని ఆ పిల్ల ఊళ్ళో మాటతో పిలిచేది, నాకు అది ఎంత ముద్దుగా ఉండేదో. ఆ రోజు శనివారం. ఒక సిస్టర్ అద్దెకుంటున్న ఇంటి గ్యారేజీలో నలుగుర్నీ వరసగా నిలబెట్టాం. గ్రీకు అక్షరమాల, వ్యవస్థాపకుల పేర్లు, తేదీలు అప్పజెప్పాలి. ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి చెప్పాలి. ఎవరినీ కొట్టలేదు, మందు లేదు. హేజింగంటే చేరే పిల్లల్ని పెట్టే బాధ, మన ర్యాగింగ్ లాంటిదే. "ఇది హేజింగ్ కాదు, చదివించడమే" అని నాకు నేను చెప్పుకున్నాను. మూడు గంటల పైన నిలబెట్టాం.

ఆ పిల్ల వాళ్ళమ్మకి మాటిచ్చిందని శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మాకు చెప్పలేదు. మేం అడగలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి నిలబడ్డ చోటే కళ్ళు తిరిగి వెనక్కి పడిపోయింది. తల సిమెంటు గచ్చుకి కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు నేనేం చేశానో చదువు. 911కి ఫోన్ చెయ్యలేదు. అందరం గుమిగూడి మాట్లాడుకున్నాం. అంబులెన్స్ వస్తే పోలీసులొస్తారు, పోలీసులొస్తే యూనివర్సిటీకి తెలుస్తుంది, తెలిస్తే చాప్టర్ నడుపుకునే అనుమతి, అదే చార్టర్, పోతుంది. ఒకామె తల కింద టవల్ పెట్టి నొక్కి పట్టుకుంది, ఒకామె జ్యూస్ తెచ్చింది. కళ్ళు తెరిచింది కదా, నడిచింది కదా అని మా కారులోనే తీసుకెళ్ళాం. పడిన దగ్గర్నుంచి కారు కదిలేవరకు ఇరవై రెండు నిమిషాలు. తర్వాత నా ఫోన్లో కాల్స్ చూసుకుని లెక్కపెట్టాను. ఆ ఇరవై రెండు నిమిషాల్లో నేను ఐదుగురికి ఫోన్ చేశాను, అందరూ సిస్టర్లే.

ఎమర్జెన్సీ రూములో నర్సు ఏం జరిగిందని అడిగింది. ఆ పిల్ల నా మొహం చూసింది. నేను దాని చెయ్యి పట్టుకుని, నర్సుకి అర్థం కాకుండా, తెలుగులో అన్నాను: "బాత్రూములో జారిపడ్డానని చెప్పమ్మా."

చెప్పింది. అక్క చెప్పమంది కాబట్టి చెప్పింది.

జారిపడిన పిల్లకి చేసేది చేశారు. తలకి స్కాన్ తీశారు, నాలుగు కుట్లు వేశారు, పంపించేశారు. నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిందని తెలిసుంటే రక్తం పరీక్ష చేసేవాళ్ళు. చెయ్యలేదు. మంగళవారం కెమిస్ట్రీ ల్యాబ్‌లో మళ్ళీ పడిపోయింది. ఈసారి ల్యాబ్ అసిస్టెంట్ వెంటనే 911కి ఫోన్ చేశాడు. అప్పుడు తెలిసింది, రక్తం బాగా తక్కువగా ఉందని. ఆ పిల్ల కాలేజీలో చేరిన దగ్గర్నుంచి నీరసంగానే ఉందట. మనలో ఎంతమంది ఆడపిల్లలకి ఆ రక్తహీనత ఉంటుందో నీకు తెలియదు.

వాళ్ళ నాన్నగారు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చారు. ఆయన అరుస్తారనుకున్నాను, పోలీసుల్ని తెస్తారనుకున్నాను. ఆసుపత్రి వరండాలో నన్ను చూసి, "నువ్వేనా తల్లీ ఆ తెలుగమ్మాయివి? అక్కడ ఒక అక్కుందని మా పిల్ల రోజూ చెప్పేది. ఆ ధైర్యంతోనే ఇంత దూరం పంపాం" అన్నారు. ఆయనకి అప్పటికి ఏమీ తెలియదు. నేనూ చెప్పలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ పిల్ల సెమిస్టర్ మధ్యలో లైన్ మానేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, నాతో కూడా మళ్ళీ మాట్లాడలేదు. చాప్టర్ నిలబడింది. నేను గ్రాడ్యుయేషన్ రోజున మెడలో స్టోల్ వేసుకుని ఫోటోలు దిగాను. ఆ ఫోటో మా ఇంట్లో ఎక్కడా పెట్టుకోలేదు, నువ్వు చిన్నప్పుడు ఎందుకత్తా అని అడిగావు కూడా.

కాబట్టి ఈ ఒక్కటి చెయ్యి. పిల్ల పడిపోతే, తాగి లేవకపోతే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే, మొదటి ఫోన్ 911కి. రెండోది పిల్ల తల్లిదండ్రులకి. సిస్టర్లకి ఆ తర్వాతే. డాక్టరు అడిగినదానికి నిజం చెప్పించు. చార్టర్ పోతే పోనీ. మీ టెక్సస్‌లో తాగింది ఇరవై ఒకటి నిండని పిల్లే అయినా, సాయం కోసం ముందుగా ఫోన్ చేసి అక్కడే ఉండి సహకరించినవాళ్ళ మీద తాగినందుకు కేసు పెట్టకుండా చట్టముంది. హేజింగ్ కళ్ళారా తెలిసుండి చెప్పకపోవడం కూడా అక్కడ నేరమే. "వాళ్ళే ఒప్పుకున్నారు" అన్న మాట కోర్టులో చెల్లదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టంతో, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు యూనివర్సిటీలే బయటపెట్టాలి. ఇవి మీ అడ్వైజర్‌తో కూర్చుని చదువు.

ఇదంతా తెల్లపిల్లల పెద్ద హౌసుల్లో జరిగే గొడవ అనుకోకు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీ పిల్లాడు పెన్సిల్వేనియా పొకొనోస్ కొండల్లో చనిపోయాడు. అది ఏషియన్ పిల్లల ఫ్రాటర్నిటీ. కళ్ళకి గంతలు కట్టి, వీపున బరువు వేసి, మంచులో ఒక్కొక్కరూ తోశారు. స్పృహ తప్పాక వెంటనే 911కి ఫోన్ చెయ్యలేదు. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. ఎందుకని మీ మావయ్య ఎంత అడిగినా ఏడుపే గాని మాట రాలేదు. ఆ రాత్రి మొదటిసారి ఆయనకి మా గ్యారేజీ సంగతి చెప్పాను.

తాతయ్యకి కూడా ఒకసారి చెప్పాను, పోయే ముందు ఏడాది. ఆయన 1960ల్లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు సీనియర్లు మీసం సగం గీయించి మెస్‌లో తిప్పారట. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ మీద చట్టం వచ్చింది 1997లో, ఆయన రిటైరయ్యే వయసుకి. నా మాట విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు చేసినవాళ్ళ పేర్లు నలుగురివీ ఇప్పటికీ గుర్తే. రెండో ఏడు మేమూ చేశాం, ఆ పిల్లల పేర్లు ఒక్కటీ గుర్తులేదు" అన్నారు.

నాకు మాత్రం ఆ పిల్ల పేరు గుర్తుంది.

నిన్ను భయపెట్టాలని రాయలేదమ్మా. ఆ పదకొండు మంది లేకపోతే నేను ఆ నాలుగేళ్ళు తట్టుకునేదాన్నే కాదు. టెన్త్ మధ్యలో గుంటూరు నుంచి వచ్చి, కాలేజీలో అన్నం ఒక్కదాన్నే కూర్చుని తిన్న రోజులున్నాయి నాకు. నాకు జ్వరం వస్తే పప్పుచారు పెట్టింది ఒక గుజరాతీ సిస్టరు, చూసి నేర్చుకుని మరీ. ఆ రుచి అలాంటిలాంటిది కాదు. నీ పదమూడు మందికీ అలాంటి ఇల్లు కావాలి, అది నువ్వు చెయ్యగలవు. రిచువల్ రహస్యంగానే ఉంచు. కొవ్వొత్తులు, పాటలు, ప్రమాణాలు, అవి మీవి. కానీ ఒక పిల్ల ఒంటి గురించి, డబ్బు గురించి, ఏడుపు గురించి "బయట చెప్పకు" అని నీ నోట మాట వస్తే అక్కడే ఆగిపో.

ఇంటేక్, అదే కొత్తవాళ్ళని చేర్చుకోవడం, మీరు శనివారాలే పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. మొదలుపెట్టే ముందు పిల్లలందరికీ ఏదో ఒకటి తినిపించు. ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో పక్కకి పిలిచి అడుగు, నలుగురిలో అడిగితే చెప్పరు. ఉంటే వాళ్ళ కోసం పళ్ళు, పాలు తెప్పించు. కూర్చోబెట్టి మాట్లాడు.

రాత్రి ఎన్నింటికైనా సరే నా ఫోన్ మోగుతుంది. 2006 నుంచి నేను ఏ రాత్రీ దాన్ని సైలెంట్‌లో పెట్టలేదు.

మీ అత్త